ఉన్నారాగారి పూసల దండ

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా కాలమైంది. బల్ల నిండా పూసలే. గాజువి, చెక్కవి, మట్టివి, కంటికి ఆననివి, కాలికి మాత్రం కచ్చితంగా తగిలేవి. ఇంటాయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని సోఫాలో ఓ మూల కూర్చుని తింటారు.

"ఏమోయ్, నోట్లో ఏదో గట్టిగా తగిలింది."

"ఏ రంగు?" బల్ల దగ్గర నుంచి తలెత్తకుండానే అడిగింది భార్య.

"రంగు చూసుకుని నమలాలా?"

"ఆకుపచ్చదైతే కడిగి ఇటివ్వండి, అవి ఎక్కడా దొరకడం లేదు. తెల్లదైతే మీ పన్నేమో చూసుకోండి."

పక్కనే కూర్చుని దారానికి మైనం రాస్తున్న ఆయన తల్లి కళ్ళజోడు సవరించుకుంది. "మింగకురా నాయనా! పన్నైతే కట్టించుకోవచ్చు, ఆ పూస మళ్ళీ రాదు."

కన్నతల్లి కూడా అటు పార్టీలో చేరిపోయాక ఇక ఆ ఇంట్లో ఆయన మాటకు విలువేముంటుంది?

ఆఫీసులో మాత్రం ఉందా అంటే, అక్కడా అంతే. ఆయన రికార్డుల సెక్షన్లో గుమాస్తా. కళ్ళెదుట కూర్చున్నా కనపడని మనిషి. పని మీద వచ్చినవాళ్ళు సరాసరి ఆయన బల్ల ముందే నిలబడి, ఆయన ముఖంలోకే చూస్తూ "ఆయన ఉన్నారా?" అని అడిగేవారు. "నేనేనండీ" అని ఈయన గొంతు సవరించుకునే లోపల పక్క బల్లకు వెళ్ళిపోయేవారు. దాంతో ఆఫీసంతా కలిసి ఆయనకు "ఉన్నారాగారు" అని పేరు పెట్టేసింది. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ పనిపడదు.

దండలు చేసి ఇరుగుపొరుగుకు అమ్మే భార్యకు ఒకటే కోరిక. ఊళ్ళో మంచి షాపులో, అద్దాల బీరువాలో, తను చేసిన దండ వేలాడాలి. పక్కన చిన్న అట్టముక్క మీద తన పేరుండాలి. ఆ మధ్య డబ్బా చేత పట్టుకుని షాపులన్నీ తిరిగి వచ్చింది. ఒకాయన డబ్బా మూతైనా తీయకుండా, "ఇంట్లో చేసినవా? అయితే ఇంట్లోనే పెట్టుకోమ్మా" అన్నాడట. ఆ రోజంతా ఆవిడ గుచ్చిన దండనే విప్పుతూ, మళ్ళీ గుచ్చుతూ కూర్చుంది. ఆ ముఖం చూడలేక ఉన్నారాగారు, "నేనూ ఎక్కడైనా అడిగి చూస్తాలే" అన్నారు. అన్నారు గానీ, ఎవర్నీ అడగలేదు. అడగాలంటే సిగ్గు.

అసలు గొడవంతా ఆ సిగ్గుతోనే వచ్చింది.

ఒకరోజు ఆఫీసులో టైపిస్టు అమ్మాయికి పుట్టినరోజు కానుకగా ఇమ్మని భార్య ఒక పొట్లం ఇచ్చింది. ముదురు ఎరుపు పూసల దండ. ఆ అమ్మాయి అక్కడే విప్పి మెళ్ళో వేసుకుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసరమ్మ అటుగా వచ్చి ఆగిపోయింది.

"అబ్బ, ఎంత బాగుందండీ! ఎవరు చేశారు?"

మా ఆవిడ చేసి అమ్ముతుంది అని చెప్పాలి. ఒక్క ముక్క. కానీ ఉన్నారాగారి బుర్ర ఎటెటో పోయింది. పెళ్ళాం అమ్మకాలు చేస్తుందంటే వీళ్ళేమనుకుంటారు? మొగుడి సంపాదన చాలడం లేదనుకోరూ? వెనకాల నవ్వుకోరూ? ఇంత ఆలోచనా అయ్యేసరికి నోరు దాని పని అది చేసేసింది.

"నేనేనండీ. ఏదో... సరదా."

సెక్షన్ మొత్తం ఆయన వైపు తిరిగింది. ఉద్యోగంలో చేరాక అంతమంది ఒకేసారి తనను చూడటం అదే మొదలు. చెవులు వేడెక్కిపోయాయి. అది సిగ్గో సంతోషమో ఆయనకే తెలియలేదు.

మర్నాటి నుంచి ఆయన దశ తిరిగింది. ఎన్నేళ్ళుగానో తన వైపు తిరగని ఫ్యానును అటెండరు తనంతట తానే తిప్పి పెట్టాడు. టీ ముందు ఆయనకే వచ్చేది. విరామంలో అందరూ ఆయన బల్ల చుట్టూ మూగి, "పూసల సంగతులు చెప్పండి సార్" అనేవారు. ఉన్నారాగారు కళ్ళు అరమోడ్చి, "పూస మనతో మాట్లాడుతుందండీ. మనం వినాలంతే" అనేవారు. ఇంట్లో పూస మాట అటుంచి పెళ్ళాం మాటే విన్న పాపాన పోలేదు.

ఉపన్యాసాలకు సరుకు కావాలి కదా. సాయంత్రాలు బల్ల చుట్టూ తచ్చాడటం మొదలెట్టారు.

"ఏమోయ్, ఈ ముడి పేరేంటి?"

"ముడి."

"అంతేనా?"

"ముడికి ఇంటిపేరు కూడా కావాలా?"

"అది కాదూ, కాస్త గొప్పగా చెప్పుకోవడానికి..."

"ఎవరికి చెప్పుకోవడానికి?"

"ఎవరికీ కాదు. నాకే."

ఆవిడ సూది ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ మధ్య పూసల మీద ప్రేమ పుట్టుకొచ్చిందేం?"

"నీ మీద ప్రేమే పూసల దాకా వచ్చింది."

"నా దగ్గర ఆగకుండానే వెళ్ళిపోయిందే!"

వ్యవహారం అక్కడితో ఆగినా బాగుండేది. ఒక మధ్యాహ్నం ఆఫీసరమ్మ గదిలోకి పిలిచింది.

"మా చెల్లెలికి నగల షాపుందండీ. మీ దండలు దాని అద్దాల బీరువాలో పెడతానంటోంది. పక్కనే కార్డు మీద చేసినవాళ్ళ పేరు కూడా వేస్తుంది. ఆదివారం ఇద్దరం మీ ఇంటికొస్తాం. మీరు గుచ్చుతుంటే చూడాలని దానికి సరదా."

అద్దాల బీరువా. పక్కన కార్డు. పేరు. భార్య డబ్బా పట్టుకుని తిరిగి తిరిగి సాధించలేనిది నడిచొచ్చి తన ముందు నిలబడింది, అదీ తన పేరు మీద. ఇప్పుడైనా నిజం చెప్పేయాలి. నోరు తెరిచారు కూడా.

"అలాగేనండీ" అన్నారు.

గదిలోంచి బయటకొచ్చి చాలాసేపు ఫైళ్ళ బీరువా చాటున నిలబడిపోయారు. తన మీద తనకే అసహ్యం వేసింది. సరే, ఈ ఒక్క ఆదివారం గడిస్తే తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చులే అనుకున్నారు. సిగ్గుపడే మనిషికి ఆ "తర్వాత" అన్న మాటంత హాయి ఇంకేదీ ఉండదు.

"ఏమోయ్, మీ అక్కను చూసి చాలా రోజులైంది కదా. ఆదివారం అమ్మను తీసుకుని వెళ్ళిరారాదూ?"

"మా అక్క పక్క వీధిలోనే ఉందని మీకిప్పుడు గుర్తొచ్చిందా?"

"పాపం, బెంగ పెట్టుకుంటుందని."

"సరే అయితే. పొద్దుటే వెళ్తాం" అంది ఆవిడ.

అంత తేలిగ్గా ఒప్పుకుందంటే అనుమానం రావాలి. కానీ ఆయనకు ఆ ధ్యాస లేదు. శనివారం మధ్యాహ్నం సూదీ, దారం, గుప్పెడు పూసలూ లుంగీలో దోపుకుని స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నారు.

కాసేపటికి తల్లి తలుపు తట్టింది. "లోపలేం చేస్తున్నావురా?"

"స్నానం!"

"నీళ్ళ చప్పుడు లేదేం?"

"ఆలోచిస్తూ చేస్తున్నానమ్మా!"

చెమటలు కక్కి, వేలు పొడుచుకుని, ఆఖరికి దారాన్ని సూదిలోకి దూర్చగలిగారు. ఇక విద్య పూర్తయినట్టే అనుకుని బయటకొచ్చారు.

ఆదివారం ఆడవాళ్ళిద్దరూ అలా వెళ్ళారో లేదో, ఆఫీసరమ్మా చెల్లెలూ ఇలా వచ్చారు. అతిథుల ముందు బాగుండదని ఉన్నారాగారు బల్ల మీద పరిచి ఉన్న పాత ముతక గుడ్డను అప్పటికే తీసి దాచేశారు. పూసలు దొర్లకుండా ఆపేది ఆ గుడ్డేనని ఆయనకెలా తెలుస్తుంది?

"మొదలుపెట్టండి మరి" అంది షాపావిడ కుర్చీ దగ్గరకు లాక్కుని.

ఆయన మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే బాగానే మొదలుపెట్టారు. ఒక పూస, మరో పూస, ఇంకో పూస. చెయ్యి ఊపందుకునేసరికి నోరూ ఊపందుకుంది. "చూశారా, పూసల వరస పెట్టడం మనసుతో చేసే పని. వేళ్ళు ఊరికే వెంట నడుస్తాయి..." అంటూ కళ్ళు మూసుకుని ఎక్కిస్తూనే ఉన్నారు. ఆడవాళ్ళిద్దరూ ఏదో చెప్పబోయి, మొహమొహాలు చూసుకుని ఊరుకున్నారు.

"ఇదిగో!" అని దారం పైకెత్తి కళ్ళు తెరిచారు.

దారం మీద ఒక్క పూస లేదు. గుచ్చేముందు దారం చివర ఒక పూసను ముడేసి అడ్డం పెట్టుకోవాలి. లేకపోతే ఈ కొస ఎక్కించినవి ఆ కొస దిగిపోతాయి. అవి దిగి, బల్ల మీద పరుగెత్తి, నేల మీదికి దూకి, ఇల్లంతా తలో దిక్కూ చూసుకున్నాయి. ఉన్నారాగారు బల్ల కిందకి దూరారు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. భార్య, వెనకే తల్లి.

"అయ్యో, మావారు పనిలో ఉన్నట్టున్నారే!" అంది భార్య చిరునవ్వుతో. "ఆయన పద్ధతే అదండీ. ముందు పూసలన్నీ నేల మీదికి వదిలేస్తారు. ఏది ఎంత దూరం దొర్లుతుందో చూసి, దాన్ని బట్టి డిజైన్ వేస్తారు."

"చిన్నప్పట్నుంచీ అంతే. చేతిలో ఏదీ నిలవదు" అంది తల్లి, వంటింట్లోకి వెళ్ళిపోతూ.

బల్ల కింద ఆయన ఇంకాస్త లోపలికి జరిగారు. దీనికి తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసింది? ఎలా తెలిసింది? పైకి రావాలన్నా మొహం చెల్లడం లేదు. ఆవిడ చెంగున వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళ గ్లాసులు తెచ్చింది. "మీరు చూస్తున్నారు గానీ, ఇదంతా ఆయన ప్రతిభేనండీ. నాకు పూసకూ గింజకూ తేడా తెలీదు."

షాపావిడ గోడకు తగిలించి ఉన్న నీలం పూసల దండను చేతిలోకి తీసుకుంది. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "ఏవండీ, ఈ చెక్కపూస సరిగ్గా మధ్యలో లేకుండా కాస్త పక్కకుందేం?"

ఉన్నారాగారు బల్ల కిందనుంచి తల బయటపెట్టారు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాలి.

"అదా... అది పొరపాటండీ. సరిచేసి ఇచ్చేస్తాను."

గ్లాసు బల్ల మీద టక్కున చప్పుడు చేసింది. ఉన్నారాగారు తలెత్తి చూశారు. భార్య పెదాల మీద ఇందాకటి నవ్వు లేదు. ఎగతాళి లేదు, కోపమూ లేదు. డబ్బా మూత తీయని షాపు నుంచి తిరిగొచ్చిన రోజు ముఖం ఎలా ఉందో, మళ్ళీ అలాగే ఉంది. ఆ దండ కోసం ఆవిడ ఎన్నిసార్లు విప్పి గుచ్చిందో సోఫా మూల నుంచి రోజూ చూసినవాడే ఆయన.

తల దించుకున్నారు. నేల వైపే చూస్తూ, "పొరపాటు పూసది కాదండీ. నాది" అన్నారు. "ఈ దండ నేను చెయ్యలేదు. ఏదీ నేను చెయ్యలేదు."

"తెలుసండీ" అంది ఆఫీసరమ్మ మెల్లగా.

"ఎ... ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచే. ఆ రోజు మీ చొక్కా చేతికి గుండీ ఊడిపోతే స్టేప్లర్ పిన్ను కొట్టుకుని వచ్చారు. సూదీ దారం పట్టడం వచ్చిన మనిషి ఆ పని చేస్తాడా? అసలు చేసేదెవరో చూడాలంటే మీ ఇంటికి రావడం తప్ప దారి కనపడలేదు."

"ఆఫీసులో... అందరికీ తెలుసా?"

"అటెండరుతో సహా. మీరు సరదాగా చెప్తున్నారు కదా అని విన్నాం."

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆయనకు. అది చీలలేదు. పూసలు మాత్రం మోకాళ్ళకు గుచ్చుకున్నాయి.

"నాకు టైపిస్టు అమ్మాయి ఫోన్ చేసిందిలెండి" అంది భార్య. "దండ కొక్కెం వదులైంది, సారును బిగించమంటే కంగారుపడుతున్నారేంటండీ అని. ఈ ఆదివారం సంగతీ తనే చెప్పింది." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "గుండీ ఊడిందని నాతో చెప్తే కుట్టేదాన్ని కదా?"

"సిగ్గేసింది."

"నా పని గురించి చెప్పడానికి?"

"అప్పుడూ సిగ్గేసింది. ఇప్పుడు అలా సిగ్గుపడ్డందుకు సిగ్గేస్తోంది."

భార్య వెళ్ళి షాపావిడ చేతిలోంచి దండ తీసుకుని తన మెళ్ళో వేసుకుని గుమ్మం దాకా నడిచి వచ్చింది. "చూడండి. మెళ్ళో దండ ఎప్పుడూ మధ్యలో నిలవదు, నడిస్తే జరుగుతుంది. మధ్యలో పెట్టింది జరిగితే తప్పులా కనపడుతుంది. ముందే పక్కన పెడితే ఎంత జరిగినా అందంగానే ఉంటుంది."

"ఇదీ, ఇలాంటివి ఇంకా ఎన్నున్నా పట్టుకెళ్తాను" అని షాపావిడ ఫోను తీసింది. "కార్డు మీద పేరేం వేయించమంటారమ్మా?"

భార్య బల్ల వైపు చూసింది. "ఆయన్ని చెప్పమనండి. ఇన్నాళ్ళూ నోరు దాటి రానిది అదే కదా."

ఉన్నారాగారు బల్ల కిందనుంచే ఏదో గొణిగారు.

"అక్కడ్నుంచి చెప్తే ఎవరికి వినపడుతుంది? లేచి చెప్పండి."

గుప్పిట్లో పూసలతో, చొక్కా చేతికి ఇంకా ఆ స్టేప్లర్ పిన్నుతోనే ఆయన లేచి నిలబడ్డారు. ఏమోయ్ అని తప్ప ఎప్పుడూ పిలవని మనిషి పేరు అది. "మా ఆవిడండీ. దండలన్నీ ఆవిడే చేస్తుంది. చేసి అమ్ముతుంది" అని, ఆ పేరు చెప్పారు. షాపావిడ రాసుకుంది.

"నాకు వినపడలేదురా!" వంటింట్లోంచి తల్లి కేక వేసింది.

ఆయన మళ్ళీ చెప్పారు. ఈసారి ఇంటిపేరుతో సహా పూర్తిగా చెప్పారు.