మా గోడ ముందు ఒక్క ఫోటో

సామాన్య మానవుడి నిత్యజీవితంలోని సహజ సౌందర్యాన్ని, అసహజత్వం ఇసుమంతైనా లేకుండా, ఛాయాచిత్రాల ద్వారా లోకానికి చాటాలని మా భవన నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది!

లోకం అన్నారని కంగారుపడకండి. అది మా లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డు. ఏకగ్రీవం అంటే, అధ్యక్షులవారు తీర్మానం చదివారు, మిగతావాళ్ళం టీ తాగాం. పోటీ పేరు "మా ఇంట్లో ఓ సహజ క్షణం". నిబంధనలు రెండే. ఫోటోలు తీసి బతికేవాళ్ళు తీయకూడదు, మనలో మనమే తీసుకోవాలి. ఫోటో సొంత ఇంట్లోనే తీయాలి, ఆ సంగతి ఫోటో వెనకాల స్వహస్తంతో రాసి సంతకం పెట్టాలి.

ఈ రెండో నిబంధన చదవగానే భవనంలో సగంమంది మా ఇంటికి బయల్దేరారు.

ఎందుకో తెలియాలంటే మా హాల్లో గోడ సంగతి చెప్పాలి. మేముండేది రెండో అంతస్తు. సరిగ్గా మా నెత్తిమీద, మూడో అంతస్తులో, అధ్యక్షులవారు. వారి స్నానాలగదిలో ఏ గొట్టం ఎక్కడ పగిలిందోగానీ, రెండేళ్ళుగా వారు స్నానం చేసినప్పుడల్లా మా గోడ కూడా చేస్తోంది! ఆ చెమ్మ పైనుంచి నింపాదిగా దిగి, అటూ ఇటూ పాకి, మా నీలంరంగు గోడమీద పాచిరంగు, దానిమీద బూడిదరంగు, అంచుల్లో ఉప్పు పేరినట్టు తెల్లటి నురగ పెట్టింది. ఆ గోడకి అవతలివైపు మా అమ్మ మంచం. అమ్మ పొద్దున్నే లేచి గోడకి అరచెయ్యి ఆనించి చూస్తుంది. "ఇంకో జానెడు దిగిందిరా," అంటుంది. ఆ తర్వాత దగ్గుతుంది. ఆ దగ్గు వింటుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

నేను ఊరుకోలేదు. సంఘానికి ఫిర్యాదు చేశాను. జవాబు కూడా వచ్చింది. "తమ ఫిర్యాదు పరిశీలించడమైనది. తమ గృహమునుండి నీరు కారుట లేదని పై అంతస్తువారు తెలియజేసినందున, నీరు కారుట లేదని నిర్ధారించడమైనది." తెలియజేసిందీ అధ్యక్షులవారే, నిర్ధారించిందీ అధ్యక్షులవారే. ఇంతకన్నా నిష్పాక్షికత ఎక్కడుంటుంది?

ఇందులో మా తప్పు లేకపోలేదు. ఓ రోజు ఎదురింటి బ్యాంకాయన భార్య ఏదో పనిమీద వచ్చి, మా గోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అబ్బ! ఎంత బాగుందండీ! ఎవరిచేత చేయించారు?"

చెమ్మ అని చెప్పడానికే మా ఆవిడ నోరు తెరిచింది. కానీ ఆ నోట్లోంచి "స్పెషల్‌గా చేయించాం" అన్న మాట వచ్చింది!

ఇంకేముంది! మర్నాటికల్లా గోడ ముందుకి ఓ వాలుకుర్చీ వచ్చింది. కుర్చీ పక్కన దీపం, దీపం పక్కన ప్లాస్టిక్ మొక్క. భవనంలో ఎవరికి ఫోటో కావాలన్నా "ఒక్క ఫోటో తీసుకుంటామండీ" అంటూ రావడం, మా ఆవిడ మురిసిపోతూ దీపం వెయ్యడం మామూలైపోయింది. సంగతి మూడో అంతస్తుకీ పాకింది. చెమ్మ కిందికే పాకుతుంది, మాట పైకి కూడా పాకుతుంది. తర్వాతి సమావేశంలో నేను గోడ ఊసెత్తగానే అధ్యక్షులవారు చిరునవ్వు నవ్వారు.

"చూడండీ, మీరేమో చెమ్మ అంటారు. మీ శ్రీమతిగారేమో డిజైను అంటారు. ముందు మీ ఇంట్లో ఏకాభిప్రాయానికి రండి. ఆపైన సంఘం ఆలోచిస్తుంది."

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి బతిమాలాను.

"చెమ్మ అని ఒక్క మాట అనేసెయ్యి. రిపేరు చేస్తారు."

"ఇన్నాళ్ళూ డిజైనని చెప్పి ఇప్పుడు చెమ్మంటే నా పరువేం కాను?"

"మరి అమ్మ దగ్గో?"

"అత్తయ్య దగ్గుకి మందుంది. పోయిన పరువుకి మందుందా?"

లోపల్నుంచి అమ్మ, "దాన్నేం అనకురా. ఆ మందు కూడా అదే పోస్తోంది," అంది, దగ్గుతూనే. మా అమ్మకీ, మా ఆవిడకీ పడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా ముగ్గురికీ పడనిది గోడొక్కటే.

సరే, పోటీ వచ్చింది. గోడ మాది కాబట్టి ఫోటోలు తీసే భారం కూడా నామీదే పడింది. అందుచేత భవనంలోని ప్రతి సహజ క్షణానికీ ముందు ఏం జరిగిందో నాకు తెలుసు.

మొదట బ్యాంకాయన దంపతులు వచ్చారు. గీజరు ఎవరు కట్టెయ్యలేదన్న విషయంమీద వాళ్ళకి వారంరోజులుగా మాటల్లేవు.

"ఆయన్ని కాస్త ఇటు జరగమనండి," అందావిడ నాతో.

"ఆవిణ్ణి అటు జరగొద్దనండి," అన్నాడాయన నాతో.

ఇద్దరి మాటలూ ఇద్దరికీ చేరవేసి, ఇద్దరి తలలూ దగ్గరికి చేర్చి తీశాను. ఆ ఫోటోకి బ్యాంకాయన "మాటలక్కర్లేని దాంపత్యం" అని పేరు పెట్టాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తర్వాత లెక్చరరుగారు. దిండంత పుస్తకం తెచ్చి వాలుకుర్చీలో పడుకుని చదవసాగారు. పుస్తకం మధ్యలో ఫోను, ఫోనులో క్రికెట్. మనవాళ్ళ ఆఖరి వికెట్ పడ్డ క్షణాన వారి మొహంలో పొంగిన దుఃఖాన్ని పట్టుకోగలిగాను. "విషాద కావ్యం ముగించిన వేళ" అని పేరు పెట్టుకున్నారు.

ఆపైన ఒకరి వెనక ఒకరు. చీరలు మారాయి, మనుషులు మారారు, గోడ మారలేదు.

చివర్న, మీరు నమ్మరు, అధ్యక్షులవారే సతీసమేతంగా మెట్లు దిగి వచ్చారు!

"మా హాలు సర్దిస్తున్నామండీ. అంతా చిందరవందరగా ఉంది. ఒక్క ఫోటో..." అన్నారు వారి శ్రీమతి.

అధ్యక్షులవారు కుర్చీలో కూర్చుని, టీకప్పు పట్టుకుని, గంభీరంగా ఆలోచించడం మొదలుపెట్టారు. నేను ఫోను ఎత్తాను. అదే సమయానికి పై అంతస్తులో వారబ్బాయి స్నానానికి దిగినట్టున్నాడు. పైకప్పులోంచి ఒక్క బొట్టు, సరిగ్గా అధ్యక్షులవారి బట్టతలమీద, టప్పున పడింది! వారు ఉలిక్కిపడి, నోరు కొద్దిగా తెరిచి, కళ్ళెత్తి పైకి చూశారు. నొక్కేశాను.

"ఏమిటయ్యా అది?" అన్నారు తల తుడుచుకుంటూ.

"డిజైనండీ," అన్నాను.

ఇక మా ఫోటో. అమ్మ కుర్చీలో కూర్చుంటే మా ఆవిడ వెనక నిలబడి తల దువ్వుతున్నట్టు తీశాం. కెమెరా కోసం మొదలెట్టిన దువ్వడం, ఫోటో అయ్యాక కూడా కాసేపు సాగింది. "ఇలాంటి పోటీలు రోజూ పెట్టమనరా," అంది అమ్మ కళ్ళు మూసుకుని.

ఫలితాల రోజు భవనమంతా కింద కార్లు పెట్టేచోట చేరింది. తీగలు కట్టి ఫోటోలన్నీ వరసగా వేలాడదీశారు. ఎన్ని ఇళ్ళు! అన్నిళ్ళలోనూ అదే నీలం, అదే పాచి, అదే ప్లాస్టిక్ మొక్క! అందరూ అన్నీ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి సంతకం వాళ్ళకి గుర్తుంది మరి.

న్యాయనిర్ణేత బయటినుంచి వచ్చిన ఓ డ్రాయింగు మాస్టారు. "ఈ భవనవాసుల అభిరుచిలోని ఐకమత్యం చూస్తే నా కళ్ళు చెమర్చాయి," అన్నారాయన. ఆ గోడ దగ్గర ఏది చెమర్చినా నేను ఆశ్చర్యపోను. మొదటి బహుమతి అధ్యక్షులవారికి, "ఊర్ధ్వదృష్టి" అన్న ఫోటోకి వచ్చింది. సామాన్యుడిలోని అన్వేషణ ఆ పైకెత్తిన కళ్ళలో ఉందట!

ఆ తర్వాత కార్యదర్శి గొంతు సవరించుకుని, మా ఇంటి ఫోటోని తిరస్కరించినట్టు చదివాడు. కారణం, "అధ్యక్షులవారి ఇంటి గోడను అనుకరించుట". అదే గోడున్న మిగతా ఫోటోల జోలికి పోలేదు, సంఘానికి ఫిర్యాదు పెట్టింది మేమొక్కరమే మరి.

మా ఆవిడ మొహం జేవురించింది. లేచి "గోడ మాది" అనాలి. అంటే మాటామాటా పెరిగి చెమ్మ సంగతి బయటికొస్తుంది. కూర్చున్నచోటే పళ్ళు నూరింది.

లేచింది మా అమ్మ.

"బాబూ, ఆ గోడ మీదేనా?"

"అనుమానమా పెద్దమ్మగారూ! సంతకం పెట్టి మరీ ఇచ్చాను," అన్నారు అధ్యక్షులవారు, బహుమతి గుండెలకి హత్తుకుని.

"హమ్మయ్య! మాదనుకుని రెండేళ్ళుగా నేను దగ్గుతున్నాను. అదంతా చెమ్మ నాయనా. మీదైతే మీరే బాగుచేయించుకోండి."

"చెమ్మేమిటండీ! డిజైనని మీ కోడలే అందరికీ..."

అందరి కళ్ళూ మా ఆవిడ మీదికి తిరిగాయి. మా అమ్మ మాట్లాడిన శ్రమకి దగ్గు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. మా ఆవిడ అత్తగారి వీపు నిమురుతూ తలెత్తింది.

"డిజైనూ లేదు, గిజైనూ లేదు! అది చెమ్మ! పరువుకోసం అబద్ధం చెప్పాను!"

నా పెళ్ళినాడు కూడా నేను మా ఆవిణ్ణి చూసి అంత సంతోషపడలేదు.

అధ్యక్షులవారి పరిస్థితి గమనించండి. గోడ నాది కాదంటే బహుమతి పోతుంది, సంతకం అబద్ధమవుతుంది. నాదే అంటే రిపేరు తప్పదు. కానీ ఆయన ఊరికే అధ్యక్షులయ్యారా! నిలబడి, "అధ్యక్షుని గృహమునకే చెమ్మ పట్టుట యావత్తు భవన గౌరవానికీ భంగకరం! తక్షణమే మరమ్మతు జరగాలి!" అన్నారు. ఏకగ్రీవంగా టీ తాగాం.

రెండేళ్ళు మా గోడగా ఉండి సాధించలేనిది, వారి గోడగా ఒక్కపూటలో సాధించింది! మర్నాడే పైన గొట్టం మార్చారు. వారం తిరక్కుండా మా గోడ గీకి, పూతపూసి, తెల్లటి సున్నం కొట్టారు. పని వివరాల్లో "అధ్యక్షులవారి గోడ, రెండో అంతస్తు" అని రాసుకున్నారు. ఎలా రాసుకుంటే మాకేం! అమ్మ దగ్గు తగ్గింది. అరచెయ్యి ఆనించి, "పొడిగా ఉందిరా," అన్న రోజున నాకు ఏడుపొచ్చింది.

కానీ మా ఇంటికి జనం రావడం మానేశారు. దీపం మూలపడింది. మా ఆవిడ తెల్లగోడ కేసి చూసి, "ఇల్లు బోసిగా ఉందండీ," అనేది.

మళ్ళీ ఏడాది పోటీ వచ్చింది. ఫోటో ఎక్కడ తీసుకోవాలా అని తలపట్టుకుంటే, "మా హాల్లో తీసుకోండి," అని అధ్యక్షులవారి శ్రీమతి స్వయంగా పిలిచారు. వెళ్ళి చూస్తే, అదే గోడ! నీలం, నీలంమీద పాచి, పాచిమీద బూడిద, అంచుల్లో తెల్లటి నురగ. బహుమతి ఫోటోని రంగులేసేవాడి చేతికిచ్చి, ఉన్నదున్నట్టు దింపించారు! బ్యాంకాయన ఇంట్లోనూ వేయించారట, లెక్చరరుగారింట్లోనూ వేయించారట. పెట్టిన సంతకాలన్నిటినీ నిజం చేశారు, మహానుభావులు!

"ఎవరిచేత చేయించారండీ?" అంది మా ఆవిడ, నోరు తెరుచుకుని.

"స్పెషల్‌గా చేయించాం," అన్నారావిడ.

"ఒక్క ఫోటో తీసుకుంటామండీ," అంది మా ఆవిడ.

"సొంత ఇంట్లోనే తీయబడినది" అని రాయడానికి నా జేబులో కలం సిద్ధంగా ఉంది. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. మా ఆవిడ దువ్వెన తీసింది. అధ్యక్షులవారు పక్కన నిలబడి, కాస్త సహజంగా ఉండమని సలహాలిస్తున్నారు. నేను ఫోను ఎత్తాను. సరిగ్గా అప్పుడే అమ్మ, అలవాటు కొద్దీ, చెయ్యి వెనక్కి చాపి గోడకి ఆనించింది.

"ఓసి! ఇది ఉత్త రంగేనే!" అంది భవనమంతా వినపడేలా. "మనది అసలు చెమ్మ!"

అధ్యక్షులవారు నోరు వెళ్ళబెట్టారు. వారి శ్రీమతి చెయ్యి నోటికి అడ్డంపడింది. మా ఆవిడ మొహంలో సిగ్గు, నవ్వు, గర్వం ఒక్కసారే ఎగదన్నుకొచ్చాయి. నా వేలు దానంతటదే నొక్కేసింది.

అసహజత్వం ఇసుమంతైనా లేని ఫోటో మా సంఘం చరిత్రలో అదొక్కటే. ఎవరి కంటా పడకముందే తుడిచేసి, "ఇంకొక్కటి తీద్దాం, కాస్త నవ్వండి," అన్నాను.