మా ఆడపడుచు గోరింకకు జరిగిన అన్యాయం

అడవి పిట్టలకు అడవిని మించిన హానికరమైన చోటు మరొకటి లేదు! కాదంటారా? అక్కడ ఫ్యాను లేదు, టీవీ లేదు, వేళకింత పెట్టే దిక్కు లేదు. ఇది ఊరికే అనడం లేదు. మా ఆడపడుచు పెంచుకున్న కొండగోరింకకు జరిగిన అన్యాయం కళ్ళారా చూసి మరీ అంటున్నాను.

అసలు దాని రాకే రాజయోగం. గూట్లోంచి తీసి, ముక్కుకు టేపు చుట్టి, అడుగు కోసిన నీళ్ళసీసాలో దూర్చి బస్సులో తెచ్చారట. బస్సులో మనకు నిలబడే చోటుండదు, దానికి ఏకంగా సొంత గది! దాంతోపాటు బయల్దేరిన మిగతా పిట్టలు దారిలోనే ‘తగ్గిపోయాయి’ అన్నాడట అమ్మినవాడు. ఎలా తగ్గాయని మా ఆడపడుచు అడగలేదు. గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు కదా!

ఇంట్లో దాని వైభోగం ఏమని చెప్పను? సాసర్లో టీ, టీలో నానిన బిస్కెట్టు, అప్పుడప్పుడూ రెక్కలకు కటింగు. మాటలు కూడా వచ్చేశాయి. అచ్చం మా ఆడపడుచు గొంతుతో “గ్యాసు కట్టేశారా?” అని కసిరితే, వాళ్ళాయన స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని పరిగెత్తేవాడు!

ఈ సుఖం చూసి ఎవరికో కన్నుకుట్టింది. అటవీశాఖకు ఫోన్ చేశారు. అధికారులు వచ్చి పిట్టను పునరావాస కేంద్రానికి పట్టుకుపోయారు.

“వదినా, నువ్వు పేపర్లో రాసి వాళ్ళని కడిగెయ్యాలి,” అని మా ఆడపడుచు ముక్కు చీదింది. సరే, చూసే రాద్దామని ఇద్దరం వెళ్ళాం.

అబ్బబ్బ, ఏం రాతిగుండెలండీ! పిట్ట మనుషుల్ని మరిచిపోవాలట, అందుకని మొహాలకు ముసుగులు. పలకరింపు లేదు, ముద్దుపేరు లేదు. పండు పెట్టి ఆకుల్లో దాచేస్తారు, వెతుక్కుని తినమని. అన్నం వండి అటకమీద దాచే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా?

“ఇక్కడికొచ్చాక మనిషి మాట మానేసిందండీ,” అంది డాక్టరమ్మ, అదేదో ఘనకార్యమైనట్టు. “కొత్త ఈకలొచ్చాయి, ఎగురుతోంది. ఇవాళ ఆఖరి ప్రయత్నం. వెళ్ళిందా, అడవి. వెళ్ళలేదా, ఇక జన్మంతా బోనే. దయచేసి నోరు మెదపకండి.”

మమ్మల్ని తెర వెనక నిలబెట్టి బోను తలుపు తీశారు. ఎదురుగా చెట్లు. పిట్ట గెంతుకుంటూ గడప దాకా వచ్చింది. తల వంచి చూసింది. రెక్కలు విప్పింది.

మా ఆడపడుచు ఎంత ఆపుకుందో పాపం! ఆగలేకపోయింది.

“నా బంగారం, జాగ్రత్తే!”

పిట్ట ఆగిపోయింది. తెరవైపు తిరిగింది. విప్పిన రెక్కలు ముడుచుకుంది. అన్నాళ్ళకు నోరు తెరిచి, మా ఆడపడుచు గొంతుతోనే కసిరింది:

“తలుపెయ్యండి, ఎగిరిపోతుంది!”

కసిరి, మూలకెళ్ళి కూర్చుంది. డాక్టరమ్మ మావైపు చూడకుండా తలుపేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఇంటి సందు మొదట్లో మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది.

“రాయొద్దులే, వదినా.”

రాయకుండా ఎలా ఉంటాను? అంత స్పష్టంగా మాట్లాడే పిట్టను మీరెక్కడైనా చూశారా?