తోట యజమానికి శాలువా

"హుఫూఫ్ తెలుగు కార్మికులకు చేపల వేటలో స్వర్ణయుగం తెస్తాను" అని పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ సురేంద్ర గారు సౌదీలోని మా క్యాంపు మెస్సులో ప్రకటించారు. అప్పటికే బాగున్నదాన్ని బాగుచేయడానికి ఎంతో ధైర్యం కావాలి. అందరం చప్పట్లు కొట్టాం.

ఊరి బయట ఖర్జూర తోటల నీళ్లు చేరిన చెరువు ఒకటుంది. చుట్టూ కంచె, ఒకటే గేటు. కాపలా మా కడప ఖాసిం. శుక్రవారం సెలవు పూట మా చెంచయ్యను ఒక్కణ్ణే, ఒక్క గాలంతో లోపలికి వదిలేవాడు. తోట యజమానిని అడగలేదు. అడిగితే కాదంటారేమోనని. చెంచయ్య నెల్లూరు మనిషి. రెల్లు దుబ్బుల పక్కన గాలం వేసి సంచి నిండా ఇక్కడ బల్తీ అనే తిలాపియా చేపలు తెచ్చేవాడు. శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది కాబట్టి నా వాటా ఆదివారం దాకా ఫ్రిజ్‌లో ఉండేది. అమ్మవారు సౌదీ సెలవులు గమనించారో లేదో అని అనుమానం వచ్చేది. అయినా తినలేదు.

ఆ పులుసు తిన్న సురేంద్ర గారు చేపలెక్కడివని అడిగారు. చెంచయ్య మొహమాటస్తుడు, చెప్పేశాడు.

"ఒక్కడికే యాక్సెస్ ఏమిటి? ఇది వివక్ష" అన్నారు సురేంద్ర గారు. చెరువు యాక్సెస్ సాధన కమిటీ వెంటనే పుట్టింది. గాలం పట్టి ఎరగని వాళ్లంతా సభ్యులు. చెంచయ్య గౌరవ సలహాదారు. ఆయన ఒకే సలహా ఇచ్చాడు.

"గమ్మునుందాం సార్. ఖాసిం ఉద్యోగం పోద్ది."

"గమ్మున ఉంటే ఉద్యమం ఎట్లా అవుతుంది చెంచయ్యా?"

మేం మళ్లీ చప్పట్లు కొట్టాం.

శుక్రవారం రెండు కార్లలో ఫ్లెక్సీతో సహా వెళ్లాం. ఒక్కరే పోవాల, అదీ సప్పుడు లేకుండా అన్నాడు ఖాసిం.

"ఆ ఒక్కణ్ణి నేనే. నాలో అందరూ ఉన్నారు" అని సురేంద్ర గారు చెంచయ్య గాలం అందుకున్నారు. ఆయన లోపల ఉన్నట్టు చూపడానికి ఫొటోగ్రాఫర్ వెళ్లాడు. ఎందుకున్నారో చూపడానికి ఫ్లెక్సీ వెళ్లింది. ఫ్లెక్సీ పట్టుకోవడానికి మేం వెళ్లాం. చెంచయ్య కార్లకు కాపలా ఉన్నాడు.

నినాదాలకు చేపలు స్పందించలేదు. యజమాని పికప్ మాత్రం వచ్చింది.

ఖాసిం ముఖం పాలిపోయింది. సురేంద్ర గారు పారిపోయే మనిషి కాదు. పెద్దమనిషి కనిపిస్తే ఆయన సంచిలోంచి శాలువా దానంతటదే బయటికొస్తుంది. కప్పేశారు. యజమాని మర్యాదస్తుడు. నవ్వి, ఫ్లాస్కులోంచి అరబ్బీ కాఫీ గహ్వా పోసిచ్చి, ఇదంతా ఎందుకని ఖాసింని అడిగాడు.

సురేంద్ర గారు గొంతు సవరించుకున్నారు. "ఖాసిం, అరబ్బీలో చెప్పు. ఇన్నేళ్లుగా మా చెంచయ్యను ప్రతి శుక్రవారం లోపల చేపలు పట్టనిస్తున్నందుకు తెలుగు జాతి తరఫున కృతజ్ఞతలు."

ఖాసిం రెండు ముక్కలు చెప్పాడు. ఎండ గురించని తర్వాత తెలిసింది. అంత ప్రసంగం రెండు ముక్కలకు కుదించినందుకు నొచ్చుకుని, సురేంద్ర గారు మొత్తం మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు. యజమానికి ఇంగ్లీషు బాగా వచ్చు.

ఆయన శాలువా మడిచి పికప్ సీటు మీద పెట్టుకున్నాడు. సాయంత్రానికి గేటుకు కొత్త తాళం పడింది. ఖాసింని ఎక్కడో దూరాన యాన్బులో తన తమ్ముడి గోడౌనుకు పంపేస్తూ, ఇంకోసారి ఫిర్యాదొస్తే వీసా మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికే అన్నాడట యజమాని.

"చెరువుకు పటిష్ఠ భద్రత, కమిటీ ఘనవిజయం" అని మర్నాడు ప్రెస్ నోట్ వచ్చింది. ఆదివారం నేను పప్పు తిన్నాను. మొత్తానికి నా నియమం వారమంతటికీ విస్తరించింది.

యాన్బులో ఖాసింకు కొత్త పని ఇచ్చిన ఆ మహానుభావుణ్ణి కూడా సన్మానించాలని సురేంద్ర గారి సంకల్పం. అడ్రసే దొరకలేదు. ఖాసిం నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, దండం పెడతా. నేను యాడుండానో ఆయప్పకు చెప్పొద్దు."

నేను చెప్పలేదు. అయితే ఆ అడ్రసు చెంచయ్యకూ తెలుసు. నిన్న మెస్సులో సురేంద్ర గారు చెంచయ్య పక్కన కూర్చుని భోంచేశారు. కొత్త శాలువా ఇస్త్రీకి వెళ్లిందట.