మూఢం వెళ్ళాక ఫిర్యాదు

"నా సొంత అన్నయ్య లాయరై తప్పు చేసినా సరే, మర్నాడు పొద్దున్నే రిపోర్టు చేస్తాను. అది నా ధర్మం!"

1989 ఉగాది సభలో ఎటార్నీ భీమశంకర్ గారు చేసిన ప్రకటన ఇది. షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో మేం అద్దెకు తీసుకున్న ఆడిటోరియం చప్పట్లతో మారుమోగింది. ఆయనకి అన్నయ్య లేడని సభలో చాలామందికి తెలుసు. లేని అన్నయ్యని కూడా వదలని ఆ నిష్ఠకి కొందరికి కళ్ళు చెమర్చాయి.

అంతకు ముందు ఏడాది మా ఇలినాయ్ సుప్రీంకోర్టు ఒక లాయరు లైసెన్సు ఏడాదిపాటు ఆపేసింది. ఆయన దొంగతనం చెయ్యలేదు. సాటి లాయరు చేసిన తప్పు తెలిసీ పైకి చెప్పలేదు, అంతే. అప్పట్నుంచి షికాగో లాయర్లందరికీ నీతి మీద మక్కువ పెరిగింది. భీమశంకర్ గారికి ఇంకాస్త ఎక్కువ పెరిగింది, ఎందుకంటే ఆగస్టులో తెలుగు సంఘం అధ్యక్ష పదవికి ఎన్నికలున్నాయి. 'ఎథిక్స్ ఇయర్' అని బ్యాడ్జీలు కొట్టించారు. సంఘం పత్రికకి ఎడిటర్ని కాబట్టి నా చొక్కాకి ఆయనే స్వయంగా ఒకటి గుచ్చారు. కొంచెం చర్మానికి కూడా గుచ్చుకుంది.

సభ అయ్యాక పులిహోర లైన్లో మీనాక్షి ఆయన్ని పట్టుకుంది. నర్సింగ్ హోములో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తుంది. భర్త పోయాక, ఇక్కడే పుట్టిన కూతురు ఉషతో ఒక్కతే ఉంటోంది. వీసా చిక్కు వచ్చి కేసు ఇమిగ్రేషన్ కోర్టుకెళ్ళింది. దాన్ని మా ఊళ్ళో రెండో తెలుగు లాయరు జగన్మోహన్ గారికి అప్పగించింది. "హియరింగ్‌కి నువ్వు రానక్కర్లేదమ్మా, నేనున్నాగా" అన్నారాయన. ఆమె వెళ్ళలేదు. ఆయనా వెళ్ళలేదు. ఆ పూట హైదరాబాదు నుంచి మంత్రిగారు దిగుతుంటే దండ వెయ్యడానికి ఓహేర్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళారు. ఇటు కోర్టులో ఎవరూ పలకకపోయేసరికి జడ్జి, ఆగస్టు ఆఖరుకల్లా మీనాక్షి దేశం విడిచి వెళ్ళాలని ఆర్డరేశాడు.

"కేసు రీఓపెన్ చెయ్యాలంటే పాత లాయర్ మీద, లాయర్ల తప్పులు విచారించే బోర్డుకి కంప్లయింట్ వెళ్ళి ఉండాలటండీ. ఎలా రాయాలో చెప్పండి, నేనే పంపిస్తాను" అంది మీనాక్షి.

భీమశంకర్ గారు పులిహోర ప్లేటు నా చేతికిచ్చి, "తప్పమ్మా! క్లయింట్ ఇస్తే అది కోపం. లాయర్ ఇస్తే ఎథిక్స్. నా డ్యూటీ నువ్వు లాక్కోకు. ఇవాళ్టి నుంచి నీ కేసు నాది" అన్నారు.

ఆమె రెండు చేతులూ జోడించింది. నాక్కూడా గుండె నిండిపోయింది. పులిహోర ఎవరిదో మర్చిపోయి తినేశాను.

ఆదివారం కంప్లయింట్ టైపు చేద్దామని ఆయనింటికి వెళ్ళాం. టైప్‌రైటర్ మీద కవరు తీస్తుండగా, కూతురి దగ్గర ఆర్నెల్లుందామని వచ్చిన మామగారు నరసింహ గారు సూట్‌కేసులోంచి పంచాంగం తీశారు.

"అల్లుడు గారూ, శుక్ర మూఢం నడుస్తోంది. ఇప్పుడు గడప దాటించకండి."

"కంప్లయింట్ శుభకార్యం కాదు కదండీ?" అన్నాను.

"నిలబడేవాడికి ఎన్నికలయ్యేదాకా ప్రతిదీ శుభకార్యమే" అన్నారాయన. రిటైరైన తహసీల్దారు, అనుభవజ్ఞులు.

భీమశంకర్ గారు కవరు మళ్ళీ కప్పేశారు. ఇందులో రాజకీయం ఏమీ లేదు. జగన్మోహన్ గారి వర్గం ఓట్లు ఈయనకి పడాలనీ, గెలిచాక ఆయనకి ఉపాధ్యక్ష పదవి ఇవ్వాలనీ ఇద్దరి మధ్యా ఒక అవగాహన ఉన్న మాట నిజమే గానీ, దానికీ గ్రహాలకీ సంబంధం లేదు.

మేలో శుక్ర మూఢం వెళ్ళింది. హమ్మయ్య అనుకునేలోగా గురు మూఢం వచ్చింది. అదీ వెళ్ళాక ఆషాఢం వచ్చింది. ఈలోగా భీమశంకర్ గారు ఇంకో రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్ దాకా వెళ్ళి 'రిపోర్టు చేయడంలో జాప్యం తగదు' అనే విషయం మీద ఉపన్యసించి వచ్చారు. అక్కడివాళ్ళు శాలువా కప్పారు.

మీనాక్షి పని దిగి, యూనిఫారంతోనే వచ్చి అడిగేది. "పంపారా అండీ?"

"శ్రావణం రానీ అమ్మా."

"అంకుల్, మా అమ్మని పంపించేస్తారా?" అని ఒకసారి ఉష అడిగింది. "నాకు స్కూల్ స్టార్ట్ అవుతుంది."

"నో, స్వీటీ! అంకుల్ ఉన్నాడుగా" అని ఆ పిల్లకి కూడా బ్యాడ్జీ పెట్టారు.

శ్రావణం రానే వచ్చింది. నిండు శ్రావణమాసంలో ఒకరి మీద చాడీలేమిటని నరసింహ గారు కోప్పడ్డారు.

సరిగ్గా అప్పుడే అవగాహన చెడింది. ఉపాధ్యక్ష పదవి ఇంకెవరికో కూడా ఇస్తానన్నారని తెలిసి, జగన్మోహన్ గారు తనే అధ్యక్ష పదవికి నిలబడ్డారు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సమావేశం పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని ఇలా అన్నారు:

"మనలో ఒక లాయర్ ఉన్నాడు. సాటి లాయర్ చేసిన ఘోరమైన మిస్‌కండక్ట్ ఉగాది నుంచీ తెలిసీ, మూఢం పేరు చెప్పి దాచాడు. నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఈ పొద్దున్నే ఆ భీమశంకర్ మీద బోర్డుకి రిపోర్టు చేశాను!"

చప్పట్లు. వెనక వరసలోంచి రాజ్ అనే స్టూడెంటు లేచి, "ఆ ఘోరం చేసిన లాయర్ ఎవరంకుల్?" అన్నాడు.

"అది చిన్న విషయం బాబూ."

"అయినా ఎవరు?"

"నేనే" అన్నారు జగన్మోహన్ గారు, వినయంగా తల దించుకుని.

ఇంత నిజాయితీ మా సంఘంలో ఎవరూ ఎరగరు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ లేచాను. బ్యాడ్జీ మాత్రం జేబులో పెట్టుకున్నాను.

భీమశంకర్ గారు ఊరుకుంటారా? బోర్డుకి సమాధానం రాశారు. తప్పు జరిగితే కదా రిపోర్టు చెయ్యడానికి! జగన్మోహన్ అంతటి సమర్థుడు, క్లయింటు కోసం ప్రాణమిచ్చే లాయరు మిడ్‌వెస్ట్‌లోనే లేడనీ, అలాంటి మహానుభావుడి మీద ఫిర్యాదు చెయ్యమనడం పాపమనీ వాదించారు. జగన్మోహన్ గారికి ఒళ్ళు మండిపోయింది. "నన్ను పట్టుకుని సమర్థుడంటాడా! కోర్టు ఎగ్గొట్టింది నేను. క్లయింటుని ముంచింది నేను. ఎక్కడైనా, ఎవరి ముందైనా ప్రూవ్ చేస్తాను!" అని ఇంటింటికీ తిరిగి చెప్పారు. ప్రచారం చివరి వారంలో ఆయన్ని ఆయనే తిట్టుకుంటుంటే, ప్రత్యర్థి పొగుడుతున్నాడు. ఎవరికి ఓటెయ్యాలో తేలక కొందరు భోజనాల మెనూ చూసి నిర్ణయించుకున్నారు.

నెలాఖరు దగ్గరపడింది. మీనాక్షిని నేనే కార్లో భీమశంకర్ గారి ఆఫీసుకి తీసుకెళ్ళాను.

"బోర్డుకి ఆయన తప్పేం లేదని రాశారట. రేపు నా కేసులో జడ్జిగారికీ అదే చెబుతారా?" అంది.

"ఎథిక్స్ అంటే కన్సిస్టెన్సీ అమ్మా" అన్నారాయన బాధగా. "ఇక్కడో మాట, అక్కడో మాట నేను చెప్పలేను."

మీనాక్షి తన కేసు కాగితాలు తీసుకుని బయటికొచ్చేసింది. కార్లో కూర్చున్నాక ఏడ్చింది. ఉష బడికి కొన్న కొత్త సంచి వెనక సీట్లో ఉంది. నేను రేడియో పెట్టి, బాగుండదని మళ్ళీ కట్టేశాను.

"అన్నయ్యగారూ, నాకు అన్యాయం జరిగిందని ఒప్పుకునే లాయర్ ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు" అంది కళ్ళు తుడుచుకుని.

"ఎవరమ్మా?"

"చేసినవాడు. ఆయనింటికి పోనివ్వండి."

జగన్మోహన్ గారు ఆనందంగా ఒప్పుకున్నారు. తన మీద తనే బోర్డుకి కంప్లయింట్ రాసి, వెంటనే పిటిషన్ వేశారు. హియరింగ్ రోజు కోర్టులో ఆయన వాదన చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. తన నిర్లక్ష్యాన్ని బల్ల గుద్ది వర్ణించారు. మంత్రిగారి మెళ్ళో తాను దండ వేస్తున్న ఫోటో, మా పత్రిక ముఖచిత్రంగా నేనే వేసినది, సాక్ష్యంగా సమర్పించారు. జడ్జి కళ్ళజోడు తీసి, "కౌన్సెల్, మీరు అసమర్థులని మీరే అంటున్నారా?" అని అడిగాడు.

"యువరానర్, అసమర్థుడన్నది చాలా చిన్న మాట!"

కేసు రీఓపెన్ అయింది. ఆర్డర్ రద్దయింది. ఆయన జీవితంలో ఇంత సమర్థంగా వాదించి ఎరగరని తెలిసినవాళ్ళన్నారు. ఆ శనివారమే ఎన్నికల్లో కూడా గెలిచారు.

అసలు విచారణకి కొత్త తేదీ వచ్చాక, మేమంతా ఆయన ఆఫీసులో కలిశాం. ఉష లడ్డూ తింటోంది. మీనాక్షి ఆయనకి దణ్ణం పెట్టి, "మీ మేలు మర్చిపోలేనండీ. ఆ తేదీన ఎన్నింటికి రావాలి?" అంది.

అధ్యక్షుల వారు గోడ మీది క్యాలెండర్ వంక చూశారు. నా వైపు తిరిగి, "ఎడిటర్ గారూ, ఆ రోజే మనకి కొత్త మంత్రిగారు దిగుతున్నారు. దండ కాస్త పెద్దది చెప్పండి. కెమెరా మర్చిపోకండి" అన్నారు.

తర్వాత మీనాక్షి భుజం మీద చెయ్యి వేశారు.

"హియరింగ్‌కి నువ్వు రానక్కర్లేదమ్మా. నేనున్నాగా."