ఇరవై ఆరు పండ్లు

మానవ శరీరం ఆరు కోట్ల ఏళ్ల కిందట ఎవరి అనుమతీ తీసుకోకుండా మానేసిన ఒక పనిని ప్రభుత్వం ఎట్టకేలకు తన నెత్తిన వేసుకుంది. (అప్పట్లో నోటీసు ఇవ్వడానికి అధికారి లేకపోవడం ఘోరమే.) ఇందుకోసం ‘సి విటమిన్ పునరుద్ధరణ విభాగం’, ఒక యాప్, పద్నాలుగు గడుల ఫారం పుట్టుకొచ్చాయి. అర్హులకు నెలకు ముప్పై పండ్లు ఉచితం.

గుమ్మఘట్ట పక్కన, ట్యాంకరు నీళ్లతో బతికించిన చీనీ (బత్తాయి) తోటలో కాయలు కోసే రామాంజినమ్మకు ఈ సంగతి డాక్టరు చెప్పాడు. ఆమె చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది, ముందు పన్ను ఒకటి ఊగుతోంది. (తోటలో కాయ కొరికితే మర్నాడు పని ఉండదు కనుక, పొద్దంతా చీనీకాయలు పట్టుకుని, ఇంటికొచ్చి సంగటి తింటుంది.)

“మన పూర్వీకులు చెట్ల మీద పండ్లు తినీ తినీ, ఆ విటమిన్‌ను ఒంట్లో తయారుచేసుకోవడం మరిచిపోయారమ్మా. మేకలు మరిచిపోలేదు” అన్నాడాయన.

“మేకకుండే బుద్ధి మనకు లేకపాయె కదా సార్! నలభై ఏండ్లకే బోసినోరు అయితే ఎట్ల?” అని ఆమె బెంగపడింది.

విభాగంలో ధ్రువీకరణాధికారి జయచంద్ర ఆమెను ఎంతో మర్యాదగా గంటసేపు నిలబెట్టాడు.

“లోపం ఎప్పటినుంచి?”

“ఆరు కోట్ల ఏండ్లంట సార్.”

జయచంద్ర తల ఎత్తకుండా రాసుకున్నాడు. “ఇంత ఆలస్యంగా వచ్చినావేమమ్మా?”

“నాకు మొన్ననే తెలిసింది సార్.”

జవాబు నిబంధనలకు సరిపోయింది.

“పండ్లు ఉండాయా?”

పంటి బాధతో వచ్చిన మనిషాయె, రామాంజినమ్మ నాలుకతో నోరంతా తడిమి చూసుకుంది. “ఇరవై ఆరు ఉండాయి సార్. ఒకటి కదలతాండాది.”

యాప్ అక్కడికక్కడే తిరస్కరించింది: దరఖాస్తుదారు వద్ద ఇరవై ఆరు పండ్లు నిల్వ, ఒకటి రవాణాలో.

“అయ్యో సార్! అవి తినే పండ్లు కాదు, నమిలే పండ్లు!”

“రెండూ పండ్లే కదమ్మా. ఆ తేడాకు ఫారంలో గడి లేదు. నిల్వ అయిపోయినాక రా.”

నెల తిరగకముందే ఆ పన్ను సంగటి ముద్దలో ఊడివచ్చింది, దాని పక్కవి రెండు ఊగడం మొదలుపెట్టాయి. రామాంజినమ్మ ముద్ద పక్కన పెట్టి ఏడ్చింది. తర్వాత పన్నును కొంగున ముడేసుకుని మళ్లీ ఆఫీసుకు పోయింది. జయచంద్ర దాన్ని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాడు. నిల్వ ఇరవై ఐదు, రవాణాలో రెండు.

“బాగా తగ్గుతాండాది!” అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. “ఇదే మాదిరి పోతే రెండేండ్లలో నీకు పండ్లు వస్తాయమ్మా.”