నిచ్చెన మామకు ఐదు నక్షత్రాలు

వీధి ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఎర్ర కంపెనీకీ నీలి కంపెనీకీ మధ్య మూడేళ్ళుగా సాగిన ఇంటర్నెట్ పోటీ ప్రజాహితం దృష్ట్యా ముగిసింది. అది ఎంత ఘనంగా సాగిందో చూసిన కళ్ళకే తెలుసు. ఎర్రవాళ్ళు తీగ వెయ్యడానికి సోమవారం రోడ్డు తవ్వితే, నీలివాళ్ళు పక్కనే మంగళవారం తవ్వేవారు. ఒకరు నెల ఉచితమంటే మరొకరు రెండు నెలలన్నారు. తమ ఔదార్యాన్ని తామే తట్టుకోలేక చివరికి చేతులు కలిపారు.

ఆ శుభసందర్భంలో పెద్ద అధికారి వేదికెక్కి, “ఏ కంపెనీ మంచిదో తేల్చుకోలేక మీరు అలసిపోయారు. ఇక మీకా శ్రమ లేదు!” అన్నారు. వీధిలో ఎడమవైపు ఎర్రవాళ్ళకు, కుడివైపు నీలివాళ్ళకు. కంపెనీ మార్చుకునే స్వేచ్ఛ అలాగే ఉంది, ఎదుటి వరసలో ఇల్లు దొరికితే చాలు. ధర మాత్రం పక్షపాతం లేకుండా రెండువైపులా పెంచారు. జనం చప్పట్లు కొట్టారు.

స్నేహానికి గుర్తుగా ఇద్దరు లైన్‌మన్‌లలో ఒకరిని ఇంటికి పంపేశారు. మిగిలినవాడు నిచ్చెన మామ. భుజాన నిచ్చెన లేకుండా ఎవరూ చూడలేదు గనక ఆ పేరు. ఇప్పుడాయనకు చొక్కాలు రెండు. ఎడమ స్తంభానికి ఎర్రది, కుడి స్తంభానికి నీలిది. రోడ్డు దాటేటప్పుడల్లా బట్టలు మార్చుకునే మనిషికి వీధి కూడా అలవాటు పడింది.

చిక్కల్లా ఆయన ఇల్లే. వీధి చివర అడ్డంగా, అటూ కాక ఇటూ కాక, రెంటికీ చెడ్డ రేవడిలా ఉంది. కూతురికి శుక్రవారం పదింటికి ఆన్‌లైన్‌లో నర్సింగ్ ప్రవేశపరీక్ష. దరఖాస్తులో రాసిన ఇంట్లోనే, ఇంటి లైనుతోనే రాయాలని నియమం. ఎర్రవాళ్ళు నీలివాళ్ళను అడగమన్నారు. నీలివాళ్ళు ఎర్రవాళ్ళను అడగమన్నారు. పదకొండు రోజులు అలా తిప్పారు.

“ఊరందరి గోడలకీ తీగలు తగిలిస్తావు, మన గోడకి మేకైనా లేదు. దీపం కింద చీకటంటే ఇదే” అంది భార్య.

“పైవాళ్ళు చూస్తామన్నారే!”

“పైన ఉండేది నువ్వేగా, నిచ్చెన మీద!”

గురువారం సాయంత్రం రెండు కంపెనీలూ ఉమ్మడిగా కరుణించాయి. శుక్రవారం తొమ్మిదింటికి లైను ఇవ్వాలన్న ఆదేశం లైన్‌మన్‌కు, అంటే ఆయనకే, వచ్చింది. మర్నాడు మామ ఎర్ర చొక్కా మీద నీలి చొక్కా తొడిగి, గుండీలు తెరిచి ఉంచి స్తంభమెక్కాడు. పావుగంటలో పని ముగిసింది. ఇక మిగిలింది ఒక్కటే. ఇంటి యజమానీ లైన్‌మనూ పక్కపక్కన నిలబడిన ఫొటో పంపితేనే లైను తెరుచుకుంటుంది.

ఆయన ఒక్కడే నిలబడి పంపాడు. “రెండో మనిషి లేడు” అంది కంపెనీ. అద్దం పక్కన నిలబడి పంపాడు. “ఇద్దరి ముఖమూ ఒకటే, మోసం” అంది. భార్యను నిలబెట్టాడు. “ఈమె యజమాని కాదు” అంది. ఇంట్లో గడియారం పది కొట్టింది. పది దాటి పదిహేను నిమిషాలకు పరీక్ష తలుపు మూసేశారు. మళ్ళీ వచ్చే ఏడే.

ఇంతలో ఫోను మోగింది. కూతురు తీసి చదివింది. “మీ సమస్య పరిష్కారమైంది. మా సిబ్బంది సేవకు ఎన్ని నక్షత్రాలు?”

నాలుగు కంటే తగ్గితే లైన్‌మన్ ఉద్యోగం పోతుందని ఆ పిల్లకూ తెలుసు.

“మర్యాదగా మాట్లాడారా అని కూడా అడుగుతున్నారు నాన్నా.”

“మాట్లాడానుగా తల్లీ” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె ఐదూ నొక్కింది.

ఆ నెల ఉత్తమ లైన్‌మన్ ఆయనే. పెద్ద అధికారి శాలువా కప్పారు. అదే వీధి, అవే చప్పట్లు. ఆ ఫొటోను రెండు వరసల వాళ్ళూ తమ తమ ఇళ్ళలో కూర్చుని చూసి మెచ్చుకున్నారు. చూడని ఇల్లు ఒక్కటే. అయినా ఒక్క ఇంటి కోసం ఎవరు నోరు విప్పుతారు? వాళ్ళందరికీ లైను బాగానే వస్తోంది.