దొరగారి కడుపులో సీతాకోకచిలుకలు

ఆ శుక్రవారం మాధవి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు జాతీయాల పాఠం ముగించడం, పదకొండు గంటల బస్సు పట్టుకుని ఘాట్ దిగడం, శృంగవరపుకోటలో అమ్మ చేతి వంట తినడం. అరకు దగ్గరి ఆ బాలికల ఆశ్రమ పాఠశాలలో చేరి మూడు నెలలే అయింది. కొండమీది చలి ఇంకా అలవాటు కాలేదు. పిల్లల ప్రశ్నలు అస్సలు అలవాటు కాలేదు.

"పెద్ద పని ముందు ఆత్రం, భయం కలిసి వస్తాయి చూడండి, మనకైతే గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. ఇంగ్లీషువాళ్ళకు కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయి. బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్! కుదురుగా కూర్చోలేకపోతే ప్యాంటులో చీమలు దూరాయంటారు" అంది మాధవి.

చీమలకు పిల్లలు పడీపడీ నవ్వారు. సోని మాత్రం నవ్వకుండా లేచి నిలబడింది.

"మేడం, ఆ సీతాకోకల మాట ఎక్కడ పుట్టింది?"

సోని వాళ్ళ ఊళ్ళో పుట్టుక కథ లేనిదంటూ ఏదీ లేదు. కొండకొకటి, వాగుకొకటి, ఇంటిపేరుకొకటి ఉన్నాయి. కథ తెలియని మాట వాడాలంటే ఆ పిల్లకు మనసొప్పదు.

మాధవికి తెలియదు. తెలియదని చెప్పి ఉంటే బాగుండేది. కానీ నలభై జతల కళ్ళు తననే చూస్తుంటే నోరు ఊరుకోలేదు.

"పూర్వం ఒక తెల్లదొర కాఫీతోటలు వెయ్యడానికి ఈ లోయకే వచ్చాడు. కూలీల ముందు నిలబడి మాట్లాడబోతే నోరు పెగల్లేదు, కాళ్ళు వణికాయి. అప్పుడే కాఫీపూల మీంచి వేల సీతాకోకచిలుకలు లేచాయి. 'నా కడుపులోనూ ఇవే' అని వాళ్ళమ్మకు ఉత్తరం రాశాడు!"

తరగతంతా ఊపిరి బిగబట్టి విన్నది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాధవి తన తెలివికి తానే మురిసిపోయింది.

సోమవారం తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర సోని తాత యర్రయ్య నిలబడి ఉన్నాడు.

"పంతులమ్మా, ఆ దొర నిలబడ్డ రాయి మా మెట్ట మీదే ఉంది. బేగి రా, సూద్దువుగాని."

రాయికి అప్పటికే సున్నం కొట్టి పసుపు రాశారు. దొర టోపీ ఏ రంగుదోనని నలుగురు ముసలమ్మలు వాదించుకుంటున్నారు.

"తాతా, అదీ..." అని మాధవి నసిగింది.

"ఏటి నసుగుతావు? దణ్ణం ఎట్టుకో."

పెట్టుకుంది.

బుధవారానికి సంగతి హెడ్‌మిస్ట్రెస్ జయశ్రీగారి చెవిన పడింది. "ఇంత చరిత్ర దగ్గర పెట్టుకుని చెప్పలేదేంటి మాధవిగారూ?" అని ఆవిడ సోని పేరును జిల్లా ఇంగ్లీషు ప్రసంగాల పోటీకి పంపేసింది. జీపు డ్రైవర్ కామేష్ బొర్రా గుహల తర్వాత టూరిస్టులకు ఆ రాయి కూడా చూపించసాగాడు. అతను చెప్పే కథలో దొర మూర్ఛపోతున్నాడు కూడా. పోటీకి న్యాయనిర్ణేత దేవీప్రసాద్‌గారు, నలభై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. రాయి సంగతి విని, పోటీ మీ బడిలోనే పెడదామన్నాడు.

మాధవికి భయం పట్టుకుంది. ఆయన ఒక్క ప్రశ్న వేస్తే చాలు, జిల్లా అంతటి ముందూ సోని అబద్ధాలకోరు అయిపోతుంది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఆ పిల్ల కాఫీ మొక్కల ముందు నిలబడి ప్రసంగం వల్లెవేస్తూ కనబడింది. ఆ మొహం చూసి వెనక్కి వచ్చేసింది.

పోటీ రోజు హాలు కిటకిటలాడిపోయింది. సోని పేరు పిలిచారు. పిల్లకన్నా ముందు మాధవి మైకు అందుకుంది.

"క్షమించండి. ఆ దొర లేడు, ఉత్తరమూ లేదు. ఆ కథ నేనే అల్లాను. తప్పు నాది, పిల్లది కాదు."

సోని వచ్చి మైకును తన ఎత్తుకు దించుకుంది.

"ఏటి మేడం! నేను సివర్లో సెప్పాల్సింది మీరు ముందే సెప్పేసినారు."

"నీకు తెలుసా?"

వెనక వరసలోంచి యర్రయ్య లేచాడు. "మా గుంట ఇంటికొచ్చి సెప్పిన రోజే అది కట్టుకథని మా ఇద్దరికీ తెలిసింది. రాయి నేనే ఏరినాను."

"మరి సున్నం ఎందుకు కొట్టావు తాతా?"

"దొర గుర్రం సప్పుడింటే మా తాత పొదల్లో దూరీవోడు. వోళ్ళని సూసి మేం వొణికినాం గానీ, మమ్మల్ని సూసి వొణికిన దొర ఒక్కడూ లేడు. ఒక్కడైనా ఉండాలి గదమ్మా."

మాధవికి ఒళ్ళు జలదరించింది. బస్సు వేళకు తొందరపడి తాను విసిరేసిన అబద్ధాన్ని వీళ్ళు ఎత్తుకుని, కడిగి, ఎంత ఎత్తున నిలబెట్టారు! మూడు నెలలుగా ఇక్కడ పాఠం చెబుతున్నది తానేనని అనుకుంటూ వచ్చింది. ఆ యర్రయ్య ముందు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

సోని మొదలుపెట్టింది. ఈ మాట ఎక్కడ పుట్టిందో మాకు తెలియదు, అందుకే మా ఊరు దానికి ఒక పుట్టుక ఇచ్చింది అని చక్కటి ఇంగ్లీషులో చెప్పింది. దొర కాళ్ళు వణికే చోట ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఆ చోటు వాళ్ళకు తెలిసిపోయింది.

దేవీప్రసాద్‌గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నేనూ పుస్తకాలు తిరగేశాను. ఈ మాట మొదట ఎవరి కడుపులో పుట్టిందో ఖాయంగా చెప్పినవాళ్ళు నాకూ కనబడలేదు" అని ఒప్పుకుని, సోనికి మొదటి బహుమతి ప్రకటించాడు.

మార్కుల కాగితంలో 'ఆధారాలు' అన్న గడిలో ఆయన 'లేవు' అని రాశాడు. 'అభ్యంతరాలు' అన్న గడిలోనూ అదే రాశాడు.